దేవుణ్ణి నమ్మడమా, దేవుడి మీద ఆశ పెట్టుకోవడమా?

మా మేనత్త వాళ్ళింట్లో రాములవారి పటం ఒకటి దాదాపు ఏడాది పాటు గోడ వైపు తిరిగి ఉండేది. పెద్దకొడుకు జ్వరంతో ఆసుపత్రిలో చేరి పదకొండో రోజున పోయాడు, ఆ పదకొండు రోజులూ ఆవిడ ఆ పటం ముందు కూర్చుని అడగని మాట లేదు. కార్యాలన్నీ అయిపోయి చుట్టాలు వెళ్ళిపోయాక ఆ పటాన్ని పారేయలేదు, అటక మీద పెట్టలేదు, మేకు నుంచి దింపి వెనక్కి తిప్పి మళ్ళీ అదే మేకుకి తగిలించింది. చూసినవాళ్ళంతా "పాపం, దేవుడి మీద నమ్మకం పోయింది" అన్నారు. అప్పట్లో నేనూ అలాగే అనుకున్నాను.

ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఎందుకో చెప్పాలంటే ముందు ఒక పాత ప్రశ్న దగ్గరికి వెళ్ళాలి: భక్తి, విశ్వాసం అని మనం పిలిచేది నమ్మకానికి దగ్గరగా ఉంటుందా, ఆశకు దగ్గరగా ఉంటుందా? చాలామంది రెండూ ఒకటే అనుకుంటారు. కాదని మన భాషే చెబుతుంది.

తెలుగులో "నమ్మడం" రెండు రకాలుగా నడుస్తుంది. "దేవుడున్నాడని నమ్ముతాను" అనడం ఒకటి, "దేవుణ్ణి నమ్ముతాను" అనడం ఇంకొకటి. మొదటిది ఒక అభిప్రాయం. ఉన్నాడా లేడా అనే లెక్కలో ఉన్నాడు అనే వైపు నిలబడటం, అంతే. ఆస్తికుడు, నాస్తికుడు అనే మాటలు కూడా "ఉంది", "లేదు" అనే అర్థాల నుంచే పుట్టాయి కాబట్టి మన వాదనలన్నీ ఎక్కువగా ఈ "అని" చుట్టూనే తిరుగుతాయి. కానీ దయ్యాలున్నాయని నమ్మేవాడు దయ్యాన్ని నమ్మడు కదా, దాన్ని చూసి పారిపోతాడు. ఎదురుగా ఉన్న దొంగ ఉన్నాడని ఎవరికీ అనుమానం ఉండదు, అయినా ఆ దొంగని ఎవరూ నమ్మరు. ఉన్నాడని ఒప్పుకోవడానికీ, ఆయన మీద బరువు వేసి నిలబడటానికీ మధ్య ఉన్న దూరమంతా ఆ చిన్న విభక్తి ప్రత్యయంలోనే ఉంది. గుడికి వెళ్ళే మనిషిని అడిగి చూడండి, "దేవుడున్నాడని" అనే సంగతి ఆమెకు పెద్దగా పట్టదు, "ఆయన మీద భారం వేశాను" అంటుంది. అసలు విషయం అక్కడుంది.

ఇక ఆశ. వర్షం పడుతుందని ఆశపడతాం, పరీక్ష పాసవుతామని ఆశపడతాం, లాటరీ టికెట్ కొని కూడా ఆశపడతాం. ఆశకి ఎదుట మనిషి అక్కర్లేదు, జరిగే వీలు కాస్త ఉంటే చాలు. నమ్మకానికి మాత్రం ఎదుట ఒకరు కావాలి. ఊరెళ్తూ ఇంటి తాళం చెవి పక్కింటావిడ చేతికి ఇస్తామే, అది నమ్మకం, ఆ తాళం చెవితో పాటు ఇల్లు కూడా ఆవిడ చేతిలోకి వెళ్ళిపోతుంది. ఈ రెండూ విరిగినప్పుడు చూడండి. ఆశకు భంగం కలుగుతుంది, నమ్మకానికి ద్రోహం జరుగుతుంది. ఆశాభంగం అంటాం, నమ్మకద్రోహం అంటాం, ఎవరూ ఎప్పుడూ "ఆశాద్రోహం" అనరు. వాన పడకపోతే దిగులు పడతాం గానీ వాన మనల్ని మోసం చేసిందని పోట్లాటకు దిగం. పక్కింటావిడ మోసం చేస్తే దిగులుతో ఆగదు, వెళ్ళి నిలదీస్తాం. ఈ తేడాని గుర్తుపెట్టుకోండి, నా వాదన అంతా దీని మీదే నిలబడుతుంది.

మాటల గురించి ఇంకొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆశ అనే మాటకు మన దగ్గర కొంత అన్యాయం జరిగింది. తెలుగులో ఆశ అంటే మంచి జరుగుతుందనే ఎదురుచూపు ఒకటే కాదు, పేరాశ కూడా. ఆశపోతు, ఆశకు అంతులేదు, "నీకు ఆశ ఎక్కువరా" అని తిట్టడం, ఇవన్నీ ఆ మాట వెనకాలే వస్తాయి. అందుకే "నీ భక్తి ఆశే కదా" అంటే ఎవరికైనా కోపం వస్తుంది, స్వార్థం అన్నట్టు వినిపిస్తుంది. తెలుగు క్రైస్తవులు ఈ చిక్కుని చాలా అందంగా దాటారు. తెలుగు బైబిలులో పౌలు కొరింథీయులకు రాసిన ఉత్తరంలో "విశ్వాసము, నిరీక్షణ, ప్రేమ" అనే మూడు మాటలు వస్తాయి. అక్కడ ఆశ అని రాయలేదు, నిరీక్షణ అన్నారు, అంటే కళ్ళు కాయలు కాసేలా ఎదురుచూడటం. గుమ్మంలో నిలబడి దారి చూసే మనిషి కనిపిస్తుంది ఆ మాటలో. హెబ్రీ పత్రికలో అయితే విశ్వాసాన్ని "నిరీక్షింపబడువాటియొక్క నిజస్వరూపము" అన్నారు, అంటే ఒకదాన్ని ఇంకొకదానితోనే నిర్వచించారు, రెండు వేల ఏళ్ళ క్రితమే ఈ రెండింటినీ పూర్తిగా విడదీయడం కుదరలేదన్నమాట.

విశ్వాసం అనే మాటకు సంస్కృతంలో మూలం శ్వాస. తేలిగ్గా, భయం లేకుండా ఊపిరి పీల్చుకోవడం దాని అసలు అర్థం. మనం ఆ మాటని ఇంకో దారికి కూడా తీసుకెళ్ళాం, కుక్కకు విశ్వాసం ఉంటుంది అంటాం, తిన్న ఇంటిని మరవకపోవడం అనే అర్థంలో. ఇస్లాంలో ఈమాన్ అనే మాట, మన తెలంగాణ ఊళ్ళలో ఇప్పటికీ వినిపించే అమానతు అనే మాట ఒకే ధాతువు నుంచి వచ్చినవే. అమానతు అంటే ఒకరి దగ్గర నమ్మి దాచుకున్న సొమ్ము. ఈ భాషల్లో ఎక్కడ చూసినా మతం వాడే ముఖ్యమైన మాట నమ్మకం వైపే మొగ్గుతోంది. అయితే మాటల పుట్టుక చూసి మనుషుల మనసు ఇదీ అని తేల్చేయలేం, మనుషులు ఏం చేస్తారో కూడా చూడాలి.

అందుకు పోతన భాగవతం కంటే మంచి చోటు నాకు కనిపించదు, ఎందుకంటే అందులో ఈ రెండు రకాల మనసులూ పక్కపక్క స్కంధాల్లోనే ఉన్నాయి. ఏడో స్కంధంలో ప్రహ్లాదుడు. "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అని తండ్రి ముఖం మీదే చెప్పిన పిల్లవాడు. అతను దేన్నీ ఆశించడు. పాములతో కరిపించినా, కొండ మీద నుంచి తోయించినా "నన్ను కాపాడు" అని కూడా పెద్దగా అడగడు, తాళం చెవి ఇచ్చేసి హాయిగా ఊరెళ్ళినవాడి నిశ్చింత అది. చివర్లో నరసింహుడు వరం కోరుకోమంటే, భాగవతంలో ప్రహ్లాదుడు చెప్పే జవాబు చాలా పదునుగా ఉంటుంది: స్వామి దగ్గర కోరికలు ఆశించేవాడు సేవకుడు కాడు, వర్తకుడు అంటాడు. ఆశకూ నమ్మకానికీ మధ్య ఇంతకంటే గట్టి గీత ఎవరూ గీయలేరు.

ఎనిమిదో స్కంధానికి వస్తే గజేంద్రుడు. వెయ్యేళ్ళు తన బలంతోనే పోరాడాడు, దేవుడు గుర్తుకు రావడానికి ముందు ఒంట్లో ఉన్న శక్తి అంతా అయిపోవాల్సి వచ్చింది. అప్పుడు కూడా ఆయన ఎవరినీ పేరు పెట్టి పిలవడు. ఎవని వల్ల ఈ జగత్తు పుట్టిందో, ఎవనిలో ఉందో, ఎవనిలో కలుస్తుందో ఆయన్ని శరణు అంటాడు. చిరునామా లేని ఉత్తరం లాంటిదది. ఆపైన, పిలుస్తూ పిలుస్తూ మధ్యలో అనుమానం వస్తుంది: దీనుల పక్కన ఉంటాడంటారు, యోగుల దగ్గర ఉంటాడంటారు, అన్ని దిక్కులా ఉంటాడంటారు, "కలడు కలండనెడివాడు కలడో లేడో" అని.

తెలుగు పిల్లలకు చిన్నప్పుడే కంఠస్థం చేయించిన పద్యం ఇది, అందుకే ఇందులో ఎంత తెగువ ఉందో మనకి తట్టదు. ప్రార్థన నడుమ, మొసలి నోట్లో కాలు ఉండగా, అసలు నువ్వున్నావా అని అడగడం. ప్రహ్లాదుడు వద్దన్న సందేహమే ఇది. పోతన దీన్ని దాచలేదు, తప్పుగా చూపలేదు, గజేంద్రుణ్ణి దీనికి శిక్షించలేదు. సందేహం తర్వాత వచ్చే పద్యాల్లో "కలుగడే నాపాలి కలిమి సందేహింప" అని తనకు తానే సర్దిచెప్పుకుంటాడు, ఆ తర్వాతే "లావొక్కింతయు లేదు" అనే కేక వస్తుంది. నాకు ఇందులో కనిపించేది ఆశే. ఉన్నాడో లేడో తెలియదు, ఉంటే బాగుండు, ఉన్నాడనుకుని పిలుస్తాను. నమ్మకం అప్పటికి ఇంకా పుట్టలేదు, పుట్టబోతోంది. విష్ణువు మాత్రం పిలుపు ఎంత గట్టి నమ్మకంతో వచ్చిందని తూకం వేయలేదు, లక్ష్మీదేవికి కూడా చెప్పకుండా పరిగెత్తుకొచ్చాడు.

అందుకే ప్రహ్లాదుడు అన్న ఆ "వర్తకుడు" అనే మాటతో నేను పూర్తిగా ఏకీభవించలేను. వేములవాడ రాజన్న గుడిలో కోడెను పట్టుకుని తిరిగి మొక్కు తీర్చుకునే తల్లి, మేడారంలో బిడ్డ ఎత్తు బెల్లాన్ని బంగారం అని పిలిచి సమ్మక్క సారలమ్మలకు ఇచ్చుకునే తండ్రి, వీళ్ళు వర్తకులా? బేరంలా కనిపిస్తుందన్నది నిజమే, నాకిది ఇస్తే నీకది ఇస్తాను అనడంలో ఇచ్చిపుచ్చుకోవడం ఉంది. మొక్కుబడి అనే మాట చివరికి మనసు లేకుండా చేసే పనికి పేరైపోవడానికి కూడా కారణం లేకపోలేదు. కానీ బేరంలో సరుకు చేతికి రాకపోతే వేరే కొట్టుకు పోతాం. మొక్కిన వాళ్ళలో ఎంతమంది అలా పోతారు? కోరిక తీరకపోతే "నాలో ఏదో లోపం ఉంది" అంటారు, "ఇంకా టైం రాలేదు" అంటారు, లేదా కోప్పడతారు. ఆ కోపం ఎలాంటిదో చూస్తే ప్రశ్న తేలిపోతుందని నా ఉద్దేశం.

కోపం గురించి మాట్లాడాలంటే భద్రాచలం వెళ్ళాలి. కంచెర్ల గోపన్న, నేలకొండపల్లి వాడు, గోల్కొండ తానాషా కాలంలో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. సర్కారుకు కట్టాల్సిన పన్ను సొమ్ముతో రాముడికి గుడి కట్టించాడని గోల్కొండ కోటలో జైల్లో వేశారు, పన్నెండేళ్ళు ఉన్నాడని అంటారు. అక్కడ పాడిన "ఇక్ష్వాకు కులతిలక" కీర్తన చదివితే ఇది పన్ను వసూలు చేసే ఉద్యోగి రాసిన పాట అని తెలిసిపోతుంది, లెక్కల పుస్తకంలా ఉంటుంది. ప్రాకారాలకి పదివేల వరహాలు, సీతమ్మకు చేయించిన చింతాకు పతకానికి ఇంత, ఇంకో నగకి ఇంత. లెక్క చెప్పి చెప్పి ఆఖరికి మీ నాన్న దశరథుడు పెట్టాడా, మీ మామ జనకుడు పంపాడా, "ఎవడబ్బ సొమ్మని కులుకుచు తిరిగేవు" అని నిలదీస్తాడు.

పైకి చూస్తే ఇది ప్రహ్లాదుడు చెప్పిన వర్తకుడి పనే. నేను ఇంత పెట్టాను, నాకు ఏదీ? కానీ ఆ గొంతు విన్నవాళ్ళకి బేరగాడు కనిపించడు. ఇంట్లో వాడిని తిట్టినట్టు తిడుతున్నాడు. మనం ఆశ మాత్రమే పెట్టుకున్న దాన్ని "ఎవడబ్బ సొమ్ము" అని తిట్టం, లాటరీ టికెట్‌ని ఎవరు తిడతారు? తన మీద ఒకరికి బాధ్యత ఉందని, వాళ్ళు ఆ బాధ్యత తప్పారని అనుకున్నప్పుడే ఇలాంటి తిట్టు వస్తుంది. ఆ వెంటనే ఇంకా గొప్ప సంగతి ఉంది, తిట్టానని బాధపడకు రామచంద్రా, ఈ దెబ్బలు ఓర్చుకోలేక తిట్టాను అని ఆయన్నే ఓదారుస్తాడు. జైల్లో దెబ్బలు తింటున్నవాడు, పలకని దేవుడి మనసు నొచ్చుకుంటుందేమో అని కంగారు పడుతున్నాడు. దీన్ని ఆశ అని నేను ఎలా అనగలను?

మా అత్తయ్య పటం దగ్గరికి ఇప్పుడు రావచ్చు. నమ్మకం పోయిన మనిషి పటాన్ని తీసేస్తుంది, లేదా పట్టించుకోవడం మానేస్తుంది, కాగితాన్నీ గాజు ముక్కనీ గోడ వైపు తిప్పి శిక్షించదు. ముఖం తిప్పేయడం ముఖం ఉన్నవాళ్ళకే చేస్తాం. ఆవిడ రాముడితో మాట్లాడటం మానేసింది, అలిగింది, ఆ అలక ఏడాది నడిచింది. ఆ పదకొండు రోజుల్లో ఆవిడ పెట్టుకున్న ఆశ కొడుకుతో పాటే పోయింది, ఆ ఆశ ఇంక ఎప్పటికీ తీరేది కాదు. కొడుకు తిరిగి రాడు. అయినా ఏదో మిగిలింది, దాని మీదే ఆవిడకి కోపం. మరుసటి ఏడు శ్రీరామనవమికి ముందు పటం మళ్ళీ ఇటు తిరిగింది. ఎందుకు తిప్పావత్తయ్యా అని అడిగితే, "ఎన్నాళ్ళని మాట్లాడకుండా ఉంటాంరా" అంది, పానకంలోకి మిరియాలు దంచుతూ.

ఇక్కడ ఒక గట్టి అభ్యంతరం వస్తుంది, దాన్ని దాటవేయడం నాకిష్టం లేదు. పక్కింటావిడకి తాళం చెవి ఇస్తామంటే ఆవిడ ఇన్నేళ్ళుగా తెలుసు కాబట్టి ఇస్తాం. దేవుడి విషయంలో ఆ పరిచయం ఏది? కనిపించని, పలకని ఒకరిని నమ్మడం అంటే ఆశకే గౌరవంగా వేరే పేరు పెట్టుకోవడం కాదా? ఈ ప్రశ్న అడిగేవాళ్ళని నేను గౌరవిస్తాను. జవాబు పూర్తిగా ఉందని చెప్పను గానీ, భక్తులు ఏం చేస్తారో గమనిస్తే ఒక సంగతి తెలుస్తుంది. వాళ్ళ పాటల్లో పూర్వపు లెక్కలు దండిగా ఉంటాయి. ఆనాడు కరిని కాచావు, ద్రౌపదికి వలువలిచ్చావు, ప్రహ్లాదుణ్ణి రక్షించావు, మరి నన్నెందుకు కావవు, ఈ వరస లేని కీర్తనకారుడు మన దగ్గర అరుదు. పొగడ్త కోసమే ఈ జాబితా చదవరు. "వాళ్ళకిచ్చిన మాట నువ్వు నిలబెట్టుకున్నావు కదా" అని సాక్ష్యం చూపిస్తున్నారు, పక్కింటావిడ గురించి వీధిలో వాళ్ళందరూ చెప్పే మంచి మాటలాగా. బైబిలు 22వ కీర్తన "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి?" అనే ఏడుపుతో మొదలై నాలుగు అడుగులు వేయకముందే మా పితరులు నిన్ను నమ్మారు, నువ్వు వాళ్ళని రక్షించావు అంటుంది. ఫిర్యాదు, సాక్ష్యం, నమ్మకం మూడూ ఒకే ఊపిరిలో. ఆ సాక్ష్యం కోర్టులో నిలవదు, నిజమే. కానీ సాక్ష్యం కోసం చెయ్యి చాచడమే నమ్మకం చేసే పని. ఆశకి సాక్ష్యం అక్కర్లేదు, "ఏమో, జరగొచ్చు" అనుకుంటే సరిపోతుంది.

నమ్మకం అంటే చేతులు కట్టుకుని కూర్చోవడమా అనేది ఇంకో చిక్కు, దాని మీద చాలా పోట్లాటలే జరిగాయి. శ్రీవైష్ణవంలో శరణాగతికి ఆరు అంగాలు చెబుతారు, అందులో ఒకటి "రక్షిష్యతీతి విశ్వాసః", రక్షిస్తాడనే విశ్వాసం. రక్షిస్తే బాగుండు అనే మాట ఆ జాబితాలో ఎక్కడా లేదు. ఇంతవరకూ అందరూ ఒప్పుకున్నారు గానీ, మన వంతు ఎంత అనే దగ్గర వడగలై, తెంగలై అని రెండుగా చీలారు. కోతిపిల్ల తల్లిని తనే గట్టిగా పట్టుకోవాలి, పిల్లిపిల్లని తల్లే నోట కరుచుకుని తీసుకెళ్తుంది. మొదటిది వడగలై వాళ్ళు చెప్పే మర్కట న్యాయం, రెండోది తెంగలై వాళ్ళు చెప్పే మార్జాల న్యాయం. హదీసుల్లో ఒంటె కథ కూడా దీని గురించే, ఒంటెను కట్టేసి అల్లా మీద భారం వేయాలా, వదిలేసి వేయాలా అని ఒకాయన అడిగితే, ముందు కట్టు, తర్వాత భారం వెయ్యి అన్నారు ప్రవక్త. మన పెద్దవాళ్ళు అదే సంగతిని గాలిలో దీపం పెట్టి దేవుడా నీదే భారం అన్నట్టు అని తేల్చేశారు. గాలికి దీపం పెట్టినవాడిది నమ్మకం అనిపించుకోదు, ఆశే, అదీ బద్ధకంతో కలిసిన ఆశ. బిడ్డకి జ్వరం వస్తే డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళకుండా విభూతి పెట్టి ఊరుకోమని చెప్పే స్వాములు భక్తుల నమ్మకాన్ని వాడుకుంటున్నామని అనుకుంటారు. నిజానికి వాళ్ళు వాడుకునేది ఆ తల్లిదండ్రుల ఆశని. దేవుణ్ణి నమ్మడం ఒకటి, దేవుడి పేరు చెప్పుకునేవాణ్ణి నమ్మడం ఇంకొకటి. ఈ తేడా తెలియక ప్రాణాలు పోతున్నాయి కాబట్టి ఇది మాటల పట్టింపు అని నేను అనుకోను.

అయితే ఆశని పూర్తిగా పక్కన పెట్టేయమని నేను అనడం లేదు. మార్కు సువార్తలో జబ్బుపడ్డ కొడుకుని యేసు దగ్గరికి తెచ్చిన తండ్రి "నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము" అంటాడు. గజేంద్రుడి పద్యానికి అచ్చం అన్నదమ్ముడిలాంటి మాట. నమ్మకం చాలనప్పుడు మనిషి ఆ మిగతా దూరాన్ని ఆశతోనే నడుస్తాడు. ఎవరైనా మొదటిసారి గుడికో, చర్చికో, దర్గాకో వెళ్ళేది చాలావరకు ఏదో ఒక ఆశతోనే, ఉద్యోగం కోసం, బిడ్డ కోసం, రిపోర్టులు బాగా రావాలని టెన్షన్‌తో. కోరింది దొరికినప్పుడు ఆ వచ్చినది ఆశో నమ్మకమో బయటికి తెలియదు, రెండూ ఒకేలా చేతులు జోడిస్తాయి. దొరకనప్పుడే తెలుస్తుంది.

హైదరాబాద్ దగ్గర చిలుకూరు బాలాజీ గుడిలో కోరిక కోరుకునేటప్పుడు 11 ప్రదక్షిణలు చేస్తారు, తీరాక వచ్చి 108 చేస్తారు. అమెరికా వెళ్ళాలనుకునే పిల్లలు ఎక్కువగా రావడంతో వీసా బాలాజీ అని పేరు పడిపోయింది. నా స్నేహితుడు ఒకడు చదువు అయిపోయిన కొత్తలో 11 తిరిగి వచ్చాడు, వీసా రాలేదు, మళ్ళీ 11 తిరిగాడు, మళ్ళీ రాలేదు. ఆ తర్వాత ఇక్కడే ఉద్యోగం చూసుకున్నాడు, పెళ్ళి చేసుకున్నాడు, అమెరికా మాటే ఎత్తడు. ఇప్పటికీ నెలకోసారి తెల్లవారుజామున బండి మీద చిలుకూరు వెళ్తాడు. ఒకసారి నేనూ వెళ్ళాను. చుట్టూ ఉన్నవాళ్ళు చేతిలో కాగితం ముక్క పట్టుకుని ఎన్ని తిరిగామో గళ్ళలో టిక్కులు పెట్టుకుంటున్నారు. వాడి చేతిలో కాగితం లేదు.